నూనె మిల్లు, బండల ఫ్యాక్టరీ, పెళ్లి హాలు

నేను పనిచేసే హోటలు గండికోటకు పోయే దారిలో ఉంది. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లు వస్తాయి. జనం లోయను చూసి, ఫోటోలు తీసుకుని, ఎండకు వాడిపోయి వచ్చి మజ్జిగ అడుగుతారు. గదుల తాళాలివ్వడం, బిల్లులు రాయడం నా పని. పోయిన చలికాలంలో ఒక పెద్దాయన బిల్లు కడుతూ, "మీది ఈ చుట్టుపక్కలేనా అమ్మా?" అని అడిగాడు. ఎర్రగుంట్లకూ కమలాపురానికీ మధ్యలో మా ఊరని చెప్పాను. "అక్కడ పరిశ్రమలు ఏమైనా ఉన్నాయా?" అన్నాడు. సిమెంటు ఉందన్నాను. "అంతకు ముందు ఏముండేది?" అన్నాడు. ఇంతలో బయట కారు హారను మోగింది. ఆయన జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

ఆగినా ఏం చెప్పేదాన్నో తెలియదు. అంతకు ముందు ఏముండేదంటే, ముందు మా అమ్మ పనిచేసిన నూనె మిల్లు ఉండేది. ఆ తర్వాత మా అన్న పనిచేసిన బండల ఫ్యాక్టరీ ఉండేది. రెండింటికీ యజమానులు ఒకే ఇంటివాళ్లు. అవి రెండూ ఇప్పుడు లేవు. ఆ ఇంటివాళ్లు మాత్రం బాగానే ఉన్నారు.

మా నాయన నా చిన్నప్పుడే పోయాడు. ఆయన ముఖం నాకు గుర్తులేదు. అమ్మే మమ్మల్ని సాకింది. మిల్లు స్టేషనుకు పోయే దారిలో, ఎత్తయిన గోడల మధ్య ఉండేది. లోపల పెద్ద బయలు. కోతలయ్యాక చుట్టుపక్కల పల్లెల నుంచి చెనక్కాయల బండ్లు, ట్రాక్టర్లు వచ్చి రోడ్డు పొడవునా నిలబడేవి. కాయల్ని ఆ బయల్లో ఆరబోసి, మిషనులో పొట్టు తీసి, విత్తనాలను చెట్టు నీడలో కూర్చున్న ఆడవాళ్ల ముందు కుప్పలుగా పోసేవాళ్లు. వాళ్లు చాటల్లో చెరిగి, పుచ్చువీ ముడుచుకుపోయినవీ నల్లబడినవీ ఏరేసేవాళ్లు. మా అమ్మ ఆ చెట్టు కిందే తన వయసంతా గడిపింది. ఆమె బొటనవేళ్ల గోళ్లు ఇప్పటికీ నిలువునా చీలే ఉంటాయి.

మిల్లు వాసన ఊరంతా ఉండేది. వేడి నూనె, నూనె తీయగా మిగిలిన వేడి చెక్క కలిసిన వాసన. మిల్లు కూత వేస్తే బడి గంట కొట్టేవాళ్లు, హోటళ్లలో పొయ్యి అంటించేవాళ్లు. ఊళ్లో ఎవరి చేతికీ గడియారం అక్కర్లేదని అమ్మ గొప్పగా చెబుతుంది. అమ్మ ఆ మిల్లు గురించి ఎప్పుడు మాట్లాడినా గొప్పగానే మాట్లాడుతుంది. "మనకు బువ్వ పెట్టిన తల్లి అది" అంటుంది. పండక్కి మిల్లు యజమాని సావుకారి ఒక్కొక్కరికి గిన్నెడు నూనె పోయించేవాడనీ, ఆ నూనెతో కాల్చిన వడల రుచి ఇప్పుడు రాదనీ అంటుంది.

అదే నిజం కావచ్చు. నాకు మాత్రం గేటు గుర్తుంది. సాయంత్రం కూత వేశాక ఆడవాళ్లంతా గేటు దగ్గర వరుసలో నిలబడాలి. ఒక్కొక్కరూ కొంగు విప్పి, దులిపి, వాచ్‌మన్‌కు చూపించి బయటికి రావాలి. నేను బడి నుంచి వస్తూ రోడ్డు మీద నిలబడి చూసేదాన్ని. తన వంతు వచ్చినప్పుడు అమ్మ కొంగు దులుపుతూ వాచ్‌మన్ వైపు కాకుండా గోడ వైపు చూసేది. ఒకరోజు కడుపుతో ఉన్న ఒకామె బొడ్డు సంచిలో గుప్పెడు విత్తనాలు దొరికాయి. సావుకారి ఆమెను మళ్లీ లోపలికి పంపించి, అందరూ చూస్తుండగా ఆ గుప్పెడూ కుప్ప మీద పోయించాడు. మర్నాటి నుంచి ఆమె పనికి రాలేదు. దాన్ని గుర్తు చేస్తే అమ్మ, "ఆయప్ప సొత్తు గదా, ఆయప్ప అడగడా?" అంటుంది. ఆ మాట మీద మేమిద్దరం చాలాసార్లు పోట్లాడుకున్నాం.

వరసగా వానలు లేని ఏండ్లు వచ్చాయి. చెనక్కాయ పైరు పూత మీదే ఎండిపోయేది. పండిన కాస్తకూ తెగులు పట్టేది. ట్రాక్టర్ల వరస తగ్గింది. అదే కాలంలో ఊళ్లోకి ప్యాకెట్ల నూనె వచ్చింది. చౌక దుకాణంలో పామాయిలు ఇచ్చేవాళ్లు. రోజంతా చెనక్కాయలు ఏరి వచ్చిన మా అమ్మ ఇంట్లో పామాయిలుతో తిరగబాత పెట్టేది. అది వేడెక్కితే ఏదో కాలిన వాసన వచ్చేది. మిల్లులో పనిచేసే ఆడవాళ్ల ఇండ్లన్నింటిలోనూ అదే వాసన. తాము చేసే నూనెను తాము కొనలేని స్థితికి వచ్చాక ఆ మిల్లు ఎక్కువ కాలం నిలబడలేదు.

మూసేస్తున్నామని ఎవరూ చెప్పలేదు. ఉగాదికి సెలవు ఇచ్చి, పండగ పోయినాక కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. అమ్మ, ఇంకొందరు కలిసి వెళితే గేటుకు తాళం ఉంది. కొన్నాళ్లకు తమిళనాడు నుంచి పాత ఇనుము కొనేవాళ్లు వచ్చారు. నూనె తీసే మిషన్లను ముక్కలు చేసి లారీలకెత్తారు. అమ్మ ఆ రోజంతా రోడ్డుకు అవతల పక్క కూర్చుని చూసింది. సావుకారి బయటికి వచ్చినప్పుడు లేచి దగ్గరికి పోయింది.

"మమ్మల్ని మళ్లా ఎప్పుడు పిలుస్తావప్పా?" అని అడిగింది.

"వానలు పడనీమ్మా, చూద్దాం" అన్నాడు ఆయన.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. అమ్మ ఆ ఏడంతా ఎదురుచూసింది. మిషన్లు లేని మిల్లుకు ఎవరు ఎవరిని పిలుస్తారని మా అన్న చెబితే, "కొత్తవి తెస్తారేమోలేరా" అనేది. తర్వాత కూలికి పోవడం మొదలుపెట్టింది. ఉల్లిగడ్డలు కోసింది, పసుపు తవ్వింది. ఏ పని చేసినా మిల్లుతో పోల్చి తక్కువ చేసి మాట్లాడేది.

బండల ఫ్యాక్టరీ పెట్టింది సావుకారి కొడుకు. ఊళ్లో అందరూ ఆయన్ని చిన్న సావుకారి అనేవాళ్లు. మా ప్రాంతంలో నేల తవ్వితే నాపరాయి పొరలు పొరలుగా వస్తుంది. ముందు గనుల్లో తీసిన బండల్ని అట్లాగే అమ్మేవాళ్లు. చిన్న సావుకారి రైలు పట్టాల అవతల షెడ్లు వేసి, కోసే మిషన్లూ పాలిష్ మిషన్లూ తెచ్చాడు. మొరటు బండ లోపలికి పోయి అద్దంలా నల్లగా మెరుస్తూ బయటికి వచ్చేది. మద్రాసుకూ బెంగళూరుకూ లారీలు పోయేవి. ఊళ్లో మగపిల్లలు చాలామంది అందులో చేరారు. ఇంటర్ తప్పిన మా అన్న కూడా చేరాడు.

అన్న మంచి పొడగరి. తల దువ్వుకోవడం అంటే ఇష్టం. కొత్తలో వాడు ఆ పని గురించి చెప్పే మాటలు వింటే ఎంత సంబరమో అనిపించేది. పాలిష్ అయిన బండ మీదికి వంగితే మొహం కనిపిస్తుందనీ, అందరూ ఇంటికి పోయే ముందు దాంట్లోనే చూసి తల దువ్వుకుంటారనీ చెప్పేవాడు. దువ్వుకున్నా ఇంటికి వచ్చేటప్పటికి బూడిద పూసిన మనిషిలాగే ఉండేవాడు. కళ్లు, పెదాలు తప్ప ఒళ్లంతా తెల్లగా. పాలిష్ మిషన్ల దగ్గర నీళ్లు పారుతుంటాయి కాబట్టి దుమ్ము తక్కువ. అన్నను పెట్టింది అంచులు కోసే దగ్గర. అక్కడ చేత్తో పట్టుకునే కట్టరుతో, నీళ్లు లేకుండా, బండ మీదికి వంగి కోయాలి. దుమ్ము నేరుగా మొహానికి కొడుతుంది. తువ్వాల ముక్కు చుట్టూ కట్టుకునేవాళ్లు. అంతకు మించి ఏమీ లేదు.

వారానికొకసారి చిన్న సావుకారి పనివాళ్లందరికీ బెల్లం ముద్దలు పంచేవాడు. బెల్లం తింటే లోపలికి పోయిన దుమ్ము కడుపులోకి దిగి బయటికి పోతుందని అందరూ నమ్మేవాళ్లు. మా అమ్మ కూడా నమ్మింది. "చూడు, పనోళ్ల బాగు ఎట్ల చూస్తాండాడో" అనేది. అన్న సగం ముద్ద తిని, సగం నాకు తెచ్చేవాడు. ఆ బెల్లం మీద కూడా సన్నని తెల్లటి పొర ఉండేది. ఊది తినేదాన్ని.

అన్నకు కమలాపురం దగ్గర పల్లె నుంచి సంబంధం కుదిరింది. వదిన సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. మాటలు తక్కువ. వచ్చిన కొత్తలో ఆమె అన్న చొక్కాను లోపలికి రానిచ్చేది కాదు. వాకిట్లోనే విప్పించి, ఆమడ దూరం తీసుకెళ్లి దులిపి, నీళ్లలో నానబెట్టేది. ఆ బకెట్టు అడుగున చిక్కటి బురద పేరుకునేది. ఒకసారి ఆమె ఆ బురదను వేలితో తీసి అన్నకు చూపించి, "గుడ్డకే ఇంతుంటే లోపలికి ఎంత పోతాందో" అంది. అన్న నవ్వాడు. అందరం నవ్వాం.

కూతురు పుట్టి నడక నేర్చే సమయానికి అన్నకు దగ్గు మొదలైంది. ఊళ్లో డాక్టరు ఎక్స్‌రే తీయించి టీబీ అన్నాడు. అన్న మాత్రలన్నీ వాడాడు. వాడినంత కాలం కళ్లు పచ్చగా, ఒళ్లు నీరసంగా ఉండేవాడు. మాత్రలు అయిపోయాయి, దగ్గు పోలేదు. డాక్టరు మళ్లీ మొదటి నుంచి వాడమన్నాడు. ఫ్యాక్టరీలో అన్నకు టీ గ్లాసు వేరే పెట్టారు. మా వీధిలో ఆడవాళ్లు పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేశారు. వదిన తన పుట్టింటికి పోతే అక్కడ కూడా కంచం వేరే పెట్టారట. ఆ తర్వాత ఆమె పుట్టింటికి పోలేదు.

మిద్దె మెట్లు ఎక్కలేని స్థితి వచ్చాక అన్నను నేను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ అన్న ఫిల్మును వెలుగుకు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత, "ఏం పని చేస్తావు?" అని అడిగింది. అన్ని సంవత్సరాల్లో అన్నను ఆ మాట అడిగిన మొదటి డాక్టరు ఆమే.

"బండలు కోస్తాను మేడమ్" అన్నాడు అన్న.

"ఇది టీబీ కాదు. రాతి దుమ్ము. ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది."

"మాత్రలతో పోతాదా?"

"పోదు. ఇంకా పెరగకుండా చూసుకోవాలంతే. ఆ పని ఈ రోజే మానెయ్."

"మానేసి ఏం చేసేది మేడమ్?"

ఆమె చీటీ రాస్తూ రాస్తూ ఆగింది. తల దించుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు.

జవాబు చెప్పాల్సిన మనిషి దగ్గరికి మేమిద్దరం వెళ్లాం. చిన్న సావుకారి తన గదిలో కూర్చుని ఉన్నాడు. ఆ గది నేల, టేబుల్ పైభాగం, గోడల్లో సగం మా ఊరి రాయే. అన్న నిలబడే చెప్పాడు. కూర్చోమని ఆయన అనలేదు.

"రాతి దుమ్మా?" అన్నాడాయన. "ఈడ ఇంతమంది పనిచేస్తాండారు గదప్పా. వాళ్లకెవురికీ రానిది నీకొక్కనికే వచ్చిందా?"

"ఇంకా ఇద్దురు ముగ్గురికి దగ్గుండాది సావుకారీ. వాళ్లు చెప్పుకోవడంలా" అన్నాడు అన్న.

"నీది బీడీల దగ్గు."

"నేను బీడీ తాగను."

"మరి పక్కనోళ్లు తాగేది పీల్చింటావు. రాయి ముట్టుకుంటే రోగమొస్తాదంటే ఈ దేశంలో బండలు పరుచుకున్న ఇండ్లన్నీ ఆసుపత్రులే కావల్ల గదా."

నేను కల్పించుకున్నాను. డాక్టరు చెప్పింది చెప్పాను. ఇంట్లో పరిచిన బండకూ కోసేటప్పుడు లేచే దుమ్ముకూ తేడా ఉంది గదా అన్నాను. ఆయన నా వైపు చూడకుండా అన్నతోనే మాట్లాడాడు.

"మీయమ్మ మా నాయన దగ్గర పని చేసిందని నీకు మర్యాద ఇస్తాండా. నీకు చాత కాకపోతే చెప్పు. మా పెళ్లి హాలు దగ్గర గేటుకు మనిషి కావల్ల. కుర్చీలో కూర్చునే పనే. ఆలోచించుకో."

దారిలో అన్న రెండుసార్లు ఆయాసానికి ఆగాడు. ఇంటికి దగ్గరయ్యాక, "కూర్చునే పనే అంట" అన్నాడు. వాడి గొంతులో ఆశ ఉంది. నాకు ఏడుపు వచ్చింది ఆ ఆశను విని. ఇంత జరిగాక కూడా వాడికి ఆయన మీద కోపం రాలేదు. పని దొరికిందన్న ఊరట మాత్రమే వచ్చింది. అమ్మ అయితే ఆ సాయంత్రం సావుకారి ఇంటి వైపు తిరిగి దండం పెట్టినంత పని చేసింది.

ఆ హాలు మా అమ్మ పనిచేసిన నూనె మిల్లే. గోడలు అవే. మిషన్లున్న షెడ్డును పడగొట్టి పెళ్లి హాలు కట్టారు. కాయలు ఆరబోసిన బయల్లో కార్లు పెడతారు. అమ్మ కూర్చున్న చెట్టు కొట్టేసి అక్కడ వంటశాల వేశారు. అన్నకు నీలం చొక్కా, నీలం ప్యాంటు, తలకు టోపీ ఇచ్చారు. లగ్గాల కాలంలో వాడు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కారు రాగానే లేచి గేటు తీసి, మళ్లీ కూర్చుని ఆయాసం తగ్గేదాకా వంగి ఉండేవాడు. వచ్చిన బంధువుల్లో కొందరు వాడు తాగి ఉన్నాడనుకునేవాళ్లు. ఒక పెళ్లికొడుకు తరఫు మనిషి అట్లాగే తిడితే, అన్న టోపీ తీసి, "దమ్ము రోగం సార్" అని చెప్పుకున్నాడట. ఆ సంగతి నాకు వేరేవాళ్లు చెప్పారు. వాడు చెప్పలేదు.

కొన్నేళ్లకు బండల ఫ్యాక్టరీ కూడా పడిపోయింది. గుజరాత్ నుంచి టైల్స్ వచ్చాయి. చౌక, తేలిక, రంగురంగులు. మా ఊళ్లోనే కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు నాపబండ వద్దని టైల్స్ వేయించుకోసాగారు. పట్టాల అవతల షెడ్లలో కంపచెట్లు మొలిచాయి. ఏళ్ల తరబడి వదిలిన రాతి బురద ఎండి తెల్లటి దిబ్బలుగా మిగిలింది. గాలికాలంలో అది లేచి ఊరి మీద పడుతుంది. ఏనాడూ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కని వాళ్లు కూడా ఇప్పుడు ఆ దుమ్ము పీలుస్తున్నారు.

చిన్న సావుకారి నష్టపోలేదు. ఆయన కడపలో టైల్స్ షోరూం తెరిచాడు. దాంట్లో బిల్లులు రాయడానికి మనిషి కావాలంటే అమ్మ పోయి అడిగింది. నాకు ఇష్టం లేదు. కానీ అన్నకు గేటు పని కూడా చాతకాకుండా పోయాక ఇంట్లో సంపాదించగల మనిషిని నేనే. చేరాను. రోజూ ఎర్రగుంట్ల దాకా ఆటోలో పోయి, అక్కడ కడప బస్సు పట్టుకునేదాన్ని. అట్లా మా ఇంట్లో మూడో మనిషిని కూడా వాళ్లే పనిలో పెట్టుకున్నారు.

అక్కడ ఒక రకం టైల్ ఉండేది. నల్లగా, అచ్చం మా నాపరాయి లాగే, సన్నటి గీతలతో సహా అచ్చు వేసింది. దానికి మా జిల్లా పేరే పెట్టారు. కొనేవాళ్లు దాన్ని ఇష్టపడేవాళ్లు. ఒకరోజు అన్న ఆసుపత్రి పని మీద కడపకు వచ్చి, బస్సు టైము దాకా షోరూంలో కూర్చున్నాడు. ఆ టైల్‌ను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చేత్తో తడిమాడు.

"దీన్ని కోస్తే దుమ్ము వస్తాదామ్మే?" అని అడిగాడు.

"ఏదైనా కోస్తే వస్తాదన్నా" అన్నాను.

"అయితే గుజరాత్‌లో గూడా నా మాదిరోడు ఎవుడో ఉంటాడులే."

ఈ మాట వాడు కోపంగా అనలేదు. దూరాన ఉన్న చుట్టాన్ని తలుచుకున్నట్టు అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే అన్న పోయాడు. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి కొన్ని నెలలుగా గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఒక ఉదయం వదిన బట్టలు పిండుతూ, నీళ్లు తాగుతావా అని కేకేసింది. జవాబు రాకపోతే లోపలికి వచ్చి చూసింది. వాడు కూర్చునే ఉన్నాడు. వాడిని ఊరి బయట బొందలగడ్డలో పూడ్చిపెట్టాం. చిన్న సావుకారి రాలేదు, మనిషిని పంపాడు. ఆ మనిషి పూలదండ వేసి, ఫోటో తీసుకుని పోయాడు.

దివసాల కర్మకు ముందు రోజు మధ్యాహ్నం మా ఇంటి ముందు ఒక ఆటో ట్రాలీ ఆగింది. దాంట్లో పాలిష్ చేసిన నాపబండలు ఉన్నాయి. పాత ఫ్యాక్టరీ గోడౌనులో మిగిలిపోయిన సరుకు. సమాధి కట్టించుకోమని సావుకారి ఉచితంగా పంపాడనీ, మేస్త్రీని కూడా ఆయనే పంపుతాడనీ డ్రైవరు చెప్పాడు. ఎండకు ఆ బండలు కళ్లు మిరుమిట్లు గొలిపేలా మెరుస్తున్నాయి. అమ్మ లేచి చెంగు సవరించుకుంది. దింపే చోటు చూపించడానికి బయటికి నడిచింది.

వదిన ఆమె కంటే ముందు వాకిట్లోకి వచ్చింది.

"దింపొద్దప్పా. ఎనక్కి తీస్కపో" అంది డ్రైవరుతో.

అమ్మ నిలబడిపోయింది. "ఏమే, నీకేమన్నా తిక్కనా? మర్యాదగా పంపితే ఎనక్కి పంపుతావా? నా కొడుకు మీద మట్టి దిబ్బ ఉంటే నీకు బాగుంటాదా?"

"బాగుంటాది" అంది వదిన. "బతికినన్నాళ్లు ఆ రాయి లోపలే పెట్టుకోని తిరిగినాడు. ఇంగ పైన గూడా ఎందుకత్తా?"

"ఆయప్ప ఏమనుకుంటాడు?"

"అనుకోనీ."

"మన పాపకు షోరూంలో పనిచ్చినోడు. వాళ్ల ఉప్పు తింటాండాం."

"వాళ్ల బెల్లం గూడా తిన్న్యాం" అంది వదిన.

అమ్మ నా వైపు చూసింది. నేను వదిన పక్కకు పోయి నిలబడ్డాను. డ్రైవరు ఇబ్బందిగా ఫోను తీసి ఎవరితోనో గొణిగాడు. తర్వాత బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. కొడుకు పోయిన దుఃఖం ఎంతో, సావుకారి మాట కాదన్న భయం అంతే ఉంది ఆమె ముఖంలో. అంతకాలం గేటు దగ్గర కొంగు దులిపి చూపించిన మనిషి నుంచి నేను ఇంకేం ఆశించాను?

దివసాలు అయ్యాక నేను షోరూంకు వెళ్లాను. చిన్న సావుకారి ఆ విషయం ఎత్తలేదు. బాగున్నావా అని అడిగాడు. ఒక వారం గడిచాక, వ్యాపారం మందకొడిగా ఉందనీ, కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకొమ్మనీ, మళ్లీ కబురు చేస్తాననీ చెప్పాడు. కబురు రాదని నాకు తెలుసు. నేను ఎదురుచూడలేదు. తర్వాత ఒకసారి ఆ దారిన బస్సులో పోతూ చూస్తే నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. చిన్న వయసు. ఏ ఊరి పిల్లో.

నాకు ఈ హోటల్లో పని దొరికేదాకా ఇల్లు నడిపింది వదినే. ఒక కాంట్రాక్టరు ఆడవాళ్లను సిమెంటు ఫ్యాక్టరీలో ఊడ్చే పనికి తీసుకుంటున్నాడని తెలిసి, ఎవరితోనూ చెప్పకుండా పోయి పేరు ఇచ్చి వచ్చింది. నేను హోటల్లో చేరాక మానేస్తుందనుకున్నాను. మానలేదు. కూతురు ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దానికి ఆపకుండా చదువు చెప్పించాలని ఆమె పట్టుదల.

మొన్న ఒక ఉదయం ఆమెతో పాటు రోడ్డు దాకా నడిచాను. ఆమె పసుపు టోపీ, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో సంగటి డబ్బా. గుడ్డతో కుట్టుకున్న మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. కంపెనీ ఇచ్చింది పాతబడిందనీ, కొత్తది అడిగితే రేపు అంటున్నారనీ చెప్పింది. చాలాకాలంగా గొంతులో ఉన్న మాటను నేను అడిగేశాను.

"నువ్వు గూడా దుమ్ములోకే పోతాండావు గదా వదినా. అన్నను చూసి గూడా."

ఆమె నడక ఆపలేదు.

"దుమ్ము లేని పని ఈ చుట్టుపక్కల యాడుండాదో చెప్పు పాపా. ఆడికే పోతా."

"మా హోటల్లో అడుగుతా. గదులు తుడిచేదానికి."

"వారానికి రెండు దినాలు జనం వస్తారంటివి గదా. మిగిలిన దినాలు ఏం తినల్ల?"

హోటల్లో నిజంగానే ఆ పనికి ఇప్పటికే ఇద్దరున్నారు. వాళ్లకే పని చాలడం లేదు. ఆ సంగతి ఆమెకు నేనే చెప్పి ఉన్నాను. ఆమె మాస్కు పైకి లాగి కట్టుకుంది. అప్పుడప్పుడు పొద్దున పూట దగ్గు వస్తోందని నాకు తెలుసు. వంటింట్లో పొగకు వస్తోందని ఆమె అంటుంది. మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది.

కాంట్రాక్టరు బస్సు వచ్చింది. లోపల అంతా మా ఊరి ఆడవాళ్లే. వాళ్లలో ఒకామె తల్లి మా అమ్మ పక్కన కూర్చుని చెనక్కాయలు ఏరింది. వదిన ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఎర్రగుంట్ల వైపు వెళ్లిపోయింది. నేను ఇంటికి వచ్చి, అమ్మకు సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి, గండికోట బస్సుకు బయల్దేరాను.